ఏబీఏ సూపర్‌విజన్ గంటలు వరంగల్‌లో ఉండి చేస్తే చెల్లుతాయా?

ఏబీఏ అంటే అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్, ప్రవర్తనను గమనించి నేర్పే పద్ధతి, ఆటిజం పిల్లలకు ఎక్కువగా వాడతారు. ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగినావిడ కాకతీయ యూనివర్సిటీలో ఎంఏ సైకాలజీ పూర్తి చేశారు. హన్మకొండలో ఒక థెరపీ సెంటర్‌లో 7 నెలలుగా ఆటిజం పిల్లలతో పని చేస్తున్నారు. "ఇక్కడే ఇంకో ఏడాది చెయ్యండి, ఏబీఏ సర్టిఫికెట్‌కు కావాల్సిన గంటలన్నిటికీ సంతకాలు పెట్టిస్తాం, సూపర్‌విజన్ ఫీజు 60,000 ముందే కట్టండి" అని సెంటర్ ఓనర్ అంటున్నారు. సూపర్‌వైజర్ బెంగళూరులో ఉంటారట. ఇంతవరకు ఆయనతో ఈవిడ ఫోన్లో కూడా మాట్లాడలేదు. ఆ గంటలు చెల్లుతాయా, హైదరాబాద్ వెళ్లిపోవడం మంచిదా, పెళ్లయ్యాక అమెరికా వెళ్తే ఇవి పనికొస్తాయా అని అడుగుతున్నారు.

సూటిగా చెప్తాను. ఇప్పటిదాకా చేసిన 7 నెలలు లెక్కలోకి రావు. సూపర్‌వైజర్ లేకుండా చేసింది సూపర్‌వైజ్డ్ ప్రాక్టీస్ ఎలా అవుతుంది? అనుభవం వచ్చింది, అది ఎక్కడికీ పోదు, గంటలు మాత్రం రాలేదు. ఆ 60,000 ఇప్పుడే కట్టకండి. హైదరాబాద్‌కు మకాం మార్చాల్సిన పని లేదు. అమెరికా సంగతి చివర్లో చెప్తాను, అది వేరే లెక్క.

ఒక మాట ముందే చెప్పాలి. నేను బీసీబీఏ (ఏబీఏలో అనలిస్ట్ స్థాయి సర్టిఫికెట్) చేసి చాలా ఏళ్లయింది. వరంగల్, కరీంనగర్ వైపు ట్రైనీలకు సూపర్‌విజన్ ఇస్తుంటాను, దానికి ఫీజు తీసుకుంటాను. కాబట్టి ఫీజుల గురించి నేను చెప్పేది ఆ సంగతి గుర్తుపెట్టుకునే చదవండి.

ముందు ఓనర్‌ని అడగాల్సిన ప్రశ్న: ఏ బోర్డు సర్టిఫికెట్? ఉత్త "ఏబీఏ సర్టిఫికెట్" అనేది ఎక్కడా లేదు. ఎక్కువ మంది విన్న పేర్లు ఆర్‌బీటీ (థెరపిస్ట్ స్థాయి), బీసీబీఏ. ఇవి అమెరికాలో 1998లో మొదలైన బిహేవియర్ అనలిస్ట్ సర్టిఫికేషన్ బోర్డు, అంటే బీఏసీబీ ఇచ్చేవి. 2023 జనవరి 1 నుంచి ఆ బోర్డు అమెరికా, కెనడా లాంటి కొద్ది దేశాల్లో నివసించేవాళ్ల నుంచే కొత్త దరఖాస్తులు తీసుకుంటోంది. ఇండియాలో ఉంటూ కొత్తగా ఆర్‌బీటీ కానీ బీసీబీఏ కానీ తెచ్చుకునే దారి లేదు. అంతకుముందే వచ్చినవాళ్లం రెన్యువల్ చేసుకుంటూ కొనసాగుతున్నాం. అయినా మన ఊళ్లో కొన్ని ఫ్లెక్సీల మీద "ఆర్‌బీటీ ట్రైనింగ్ ఇవ్వబడును" అని ఇంకా కనిపిస్తుంది. 40 గంటల క్లాసులు ఎవరైనా చెప్తారు, పరీక్ష రాయనిచ్చేది బోర్డు కదా.

ఇక్కడ ఉండి చేయదగ్గవి ముఖ్యంగా రెండు బోర్డులవి. ఐబీఏఓ అనే అంతర్జాతీయ సంస్థ ఐబీటీ, ఐబీఏ అని రెండు ఇస్తుంది. ఐబీటీ అంటే థెరపిస్ట్ స్థాయి. దానికి 40 గంటల ట్రైనింగ్, సూపర్‌వైజర్ ముందు పని చేసి చూపించడం, పరీక్ష ఉంటాయి. ఐబీఏ అంటే అనలిస్ట్ స్థాయి. 270 గంటల కోర్సు, 1000 గంటల సూపర్‌వైజ్డ్ ప్రాక్టీస్ చేసి పరీక్ష రాయాలి. రెండో బోర్డు క్యూఏబీఏ. అందులో ఏబీఏటీ, క్యూఏఎస్‌పీ-ఎస్, క్యూబీఏ అని మూడు మెట్లు. మీ పరిస్థితిలో నేనైతే ముందు ఐబీటీ చేసి, పని చేస్తూనే ఐబీఏ కోర్సు మొదలుపెట్టమంటాను. నియమాలు మారుతుంటాయి కాబట్టి హ్యాండ్‌బుక్ బోర్డు వెబ్‌సైట్ నుంచి మీరే తీసుకుని చదవండి. వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్ ఏ సంవత్సరానిదో ఎవరికీ తెలియదు.

ఇక అసలు విషయం. సూపర్‌విజన్ అంటే సంతకం అనుకునేవాళ్లే ఎక్కువ. సెంటర్లూ అలాగే అమ్ముతున్నాయి. సూపర్‌విజన్ అంటే మీరు పిల్లాడితో పని చేస్తుండగా తెలిసినవాళ్లు చూడటం, అక్కడికక్కడ సరిదిద్దడం, సరిదిద్దింది మీ చేతికి వచ్చిందో లేదో మళ్లీ చూడటం. మా పద్ధతిలో నాలుగు అడుగులు ఉంటాయి: చెప్పాలి, చేసి చూపించాలి, మీ చేత చేయించాలి, ఎలా చేశారో చెప్పాలి. మొదటిదొక్కటే జరిగితే అది క్లాసు. జూమ్‌లో పన్నెండు మందిని కూర్చోబెట్టి స్లైడ్లు చదివితే అది సూపర్‌విజన్ కాదు.

దగ్గరగా ఒకటి చూపిస్తాను. గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. కాజీపేట నుంచి వచ్చే ఐదేళ్ల బాబు. వస్తువులు విసిరేస్తాడని తల్లి తీసుకొచ్చింది. "నలుగురు సూడాలని చేస్తడు మేడమ్" అని ఆమె నమ్మకం. సెంటర్‌లో అందరూ అదే మాట. ట్రైనీ రాసిన ఏబీసీ షీట్‌లో (ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది అని రాసే కాగితం) "బాబు మొండికేశాడు, కోపంతో పజిల్ విసిరేశాడు, సముదాయించాను" అని ఉంది. మొండితనం, కోపం కంటికి కనిపించేవి కావు, చూసింది మాత్రమే రాయమన్నాను. మళ్లీ రాసింది ఇలా ఉంది: "10:20. పజిల్ చేద్దాం అని డబ్బా బల్ల మీద పెట్టాను. మూడు ముక్కలు నేల మీదికి విసిరాడు. డబ్బా తీసేసి కారు బొమ్మ ఇచ్చాను." ఆ మూడో వాక్యం రాస్తుంటేనే ఆమె ఆగిపోయింది. విసిరితే పని తప్పుతోంది, పైగా కారు వస్తోంది. వారం షీట్లన్నీ తిరగేస్తే దాదాపు ప్రతి చోటా అదే వరస. ఆ పిల్లాడు విసరడానికీ పక్కన మనుషులు ఉండటానికీ సంబంధం లేదు.

అప్పుడు చేసింది పెద్ద గొప్ప పనేం కాదు. "చాలు" అని చెప్పడానికి ఒక కార్డు ఇవ్వడం నేర్పాం. పజిల్‌ని రెండు ముక్కలకు తగ్గించాం. కార్డు ఇచ్చిన ప్రతిసారీ మొదట్లో నిజంగానే పని ఆపాం. ఇక్కడే కొత్తవాళ్లు తడబడతారు. "ఊరికే ఆపేస్తే అలవాటైపోతుంది కదా" అని టెన్షన్ పడి, కార్డు చూసి కూడా ఇంకో ముక్క పెట్టమంటారు. దాంతో కార్డు పని చేయదని పిల్లాడికి అర్థమవుతుంది, మళ్లీ విసురుతాడు. ఆ క్షణంలో ట్రైనీ చెవిలో "ఆపెయ్యమ్మా, ఇప్పుడే ఆపెయ్" అని ఒకరు అనాలి. సూపర్‌విజన్ అంటే అది.

ఆన్‌లైన్‌లో ఇది కుదరదా అంటే కుదురుతుంది. ఫోన్ స్టాండ్‌కి పెట్టి, ట్రైనీ చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటే బెంగళూరు నుంచైనా చూడొచ్చు. దూరం వల్ల నాకు అభ్యంతరం లేదు. రెండు విషయాలు మాత్రం చూసుకోండి. ఒకటి, తల్లిదండ్రుల దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఆ వీడియో సెంటర్ వాట్సాప్ గ్రూపులోకి పోకూడదు. రెండోది, ఆ సూపర్‌వైజర్‌కి తెలుగు వచ్చా? పిల్లాడు అన్నది అడగడమా, వల్లించడమా అన్నది భాష తెలియనివాళ్లకు తెలియదు. ములుగు నుంచి వచ్చిన తల్లికి మీరిచ్చే పేరెంట్ ట్రైనింగ్ ఎలా ఉందో కూడా వాళ్లు చెప్పలేరు.

లెక్కల్లో జాగ్రత్త కూడా సూపర్‌వైజరే నేర్పాలి. ఉదాహరణకు "కొట్టడం" ఎన్నిసార్లు జరిగిందో ఇద్దరు వేర్వేరుగా రాశారనుకోండి. సెషన్‌ని 20 చిన్న ముక్కలుగా విడగొట్టి చూస్తే, 14 ముక్కల్లో ఇద్దరి రాతా కలిస్తే 70 శాతం. మామూలుగా 80 శాతానికి తగ్గితే ఆ డేటాను నమ్మం, నిర్వచనం తిరిగి రాస్తాం. చెయ్యి ఎత్తి ఆపేస్తే కొట్టడమేనా, తగిలితేనేనా? ఇది తేలకుండా గ్రాఫ్ గీసి "కొట్టడం తగ్గింది" అని తల్లిదండ్రులకు చూపించే సెంటర్లు ఉన్నాయి. మీ సెంటర్‌లో ఈ రెండో మనిషి లెక్క ఎప్పుడైనా జరిగిందా? ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతో చాలా తెలిసిపోతుంది.

ఎన్ని గంటలు చేశారన్నదే కాదు, ఏ పని చేశారన్నదీ చూస్తారు. బీసీబీఏ నియమం మీకు నేరుగా వర్తించకపోయినా కొలబద్దగా పనికొస్తుంది. అందులో మామూలు దారి 2000 గంటలు, దానికి 5 శాతం సూపర్‌విజన్. గట్టి దారి 1500 గంటలు, దానికి 10 శాతం. గంటల్లో కనీసం 60 శాతం అసెస్‌మెంట్, ప్రోగ్రామ్ రాయడం, గ్రాఫులు చూసి నిర్ణయం తీసుకోవడం, తల్లిదండ్రులకు, తోటి స్టాఫ్‌కు నేర్పడం లాంటివి ఉండాలి. బల్ల దగ్గర కూర్చుని కార్డులు చూపించే నేరుగా చేసే పని మిగతా 40 శాతానికి మించకూడదు. మన దగ్గర సెంటర్లలో ఏం జరుగుతుంది? పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా 45 నిమిషాల సెషన్లు ఒకదాని వెనక ఒకటి. మధ్యలో డబ్బా తినడానికే తీరిక ఉండదు, గ్రాఫ్ ఎప్పుడు చూస్తారు? ఏడాది అయ్యాక చేతిలో గంటలు బోలెడు ఉంటాయి, ఒక్క అసెస్‌మెంట్ సొంతంగా చేసి ఉండరు. కాబట్టి ఓనర్‌ని వారానికి కొన్ని గంటలు సెషన్లు లేకుండా ఇమ్మని అడగాలి. డబ్బు తగ్గించమని అడగడం కన్నా ఇది అడగడమే కష్టం, నాకు తెలుసు. సెషన్ లేని గంట వాళ్లకు ఆదాయం లేని గంట.

ఆ 5 శాతాన్ని ఐబీఏకు కావాల్సిన 1000 గంటలకు పట్టి చూడండి. నెలకు 80 గంటలు చేస్తే నెలకు 4 గంటల సూపర్‌విజన్, మొత్తం 50 గంటలు, పన్నెండున్నర నెలలు. అంటే ఓనర్ చెప్పిన "ఏడాది" మరీ అబద్ధమేం కాదు. 60,000ని 50 గంటలకు పంచితే గంటకు 1,200. ఒక్కరికే, పిల్లాడితో పని చేస్తుండగా చూస్తూ ఇస్తే అది న్యాయమైన ధరే. గుంపుగా ఇస్తే కాదు. బీఏసీబీ పద్ధతిలో సగమైనా ఒక్కొక్కరికి విడిగా ఉండాలి, గ్రూపులో పది మందికి మించకూడదు. మీరూ అదే అడగండి. డబ్బు నెలనెలా, వీలైతే సూపర్‌వైజర్‌కే నేరుగా కట్టండి. ఒకేసారి కట్టేస్తే మధ్యలో మానేయాలనుకున్నా కాళ్లు కదలవు. ఒరిజినల్ సర్టిఫికెట్లు డిపాజిట్ పెట్టమంటే మాత్రం అక్కడితో మాట ఆపేయండి.

కాంట్రాక్టు లేకుండా మొదటి గంట కూడా మొదలుపెట్టొద్దు. అందులో ఉండాల్సినవి: సూపర్‌వైజర్ పేరు, బోర్డు నంబరు, ఏ సర్టిఫికెట్ కోసం, నెలకు ఎన్ని గంటలు, అందులో పిల్లాడితో ఉండగా చూసేది ఎంత, ఫీజు, ఎవరు ఎప్పుడు మానుకోవచ్చు, ఏ పరిస్థితిలో సంతకం పెట్టరు. ఆ ఆఖరిది చాలా మంది రాయించుకోరు. సూపర్‌వైజర్ నంబరు బోర్డు వెబ్‌సైట్‌లో వెతికితే రెండు నిమిషాల్లో నిజమో కాదో తెలిసిపోతుంది. సర్టిఫికెట్ ఇంకా నడుస్తోందా, గడువు దాటిందా అని కూడా చూడండి.

నెలవారీ ఫారం ఆ నెల దాటకముందే సంతకం అవ్వాలి. ఒక కాపీ మీ దగ్గరే ఉండాలి, సెంటర్ కంప్యూటర్‌లో కాదు. పెద్దపల్లి వైపు అమ్మాయి ఒకరు ఏడాదికి పైగా ఒక సెంటర్‌లో చేశారు. మంచి ఉద్యోగం వచ్చి మానేస్తానంటే "మూడు నెలలు నోటీస్ చేస్తేనే సంతకాలు" అన్నారు. సూపర్‌వైజర్ ఆ ఓనర్ జీతగాడే, మాట్లాడలేకపోయాడు. ఆమె దగ్గర ఒక్క కాగితం లేదు. మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. జనగామ వైపు ఇంకొకరికి సూపర్‌వైజర్ ఉన్నట్టుండి విదేశం వెళ్లిపోయారు. నెలనెలా ఫారాలు ఉన్నాయి, వెళ్లేముందు అప్పటిదాకా అయిన గంటలకు తుది ఫారం కూడా చేయించుకున్నారు. కొత్త సూపర్‌వైజర్‌తో మిగిలినవి పూర్తి చేశారు. ఇద్దరి తెలివిలో తేడా లేదు, ఫైల్‌లోనే తేడా.

డబ్బు, కాగితాల కన్నా ముఖ్యమైనది ఒకటుంది. మీ సెంటర్‌లో పిల్లల్ని కుర్చీలో అదిమి కూర్చోబెట్టడం, చెంప మీద చిన్నగా అంటించడం, ఏడుస్తున్నా "ట్రయల్ పూర్తి కావాలి" అని సాగదీయడం ఉంటే అక్కడ గంటలు చేయకండి. ఏబీఏ మొదటి రోజుల్లో, 1960ల్లో, శిక్షలు వాడారన్నది దాచేస్తే దాగేది కాదు. ఏబీఏ చేయించుకుని పెద్దయిన ఆటిస్టిక్ మనుషులు ఇప్పుడు చెప్తున్న అభ్యంతరాల్లో నాకు చాలా సబబుగా అనిపిస్తాయి. "నా కళ్లలోకి చూడు" అనే టార్గెట్ నేను రాయను, నా ట్రైనీలను రాయనివ్వను. పిల్లాడు గది గుమ్మం దగ్గరే ఏడుపు మొదలుపెడితే ఆ రోజు డేటా కన్నా ముందు చూడాల్సింది ఆ ఏడుపునే.

మన దేశ చట్టం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే సెంటర్లు ఇది చెప్పవు. పైన చెప్పిన సర్టిఫికెట్లన్నీ ప్రైవేటు బోర్డులవి. వికలాంగుల పునరావాస రంగంలో ఇక్కడ రిజిస్ట్రేషన్ ఇచ్చేది రిహాబిలిటేషన్ కౌన్సిల్, అంటే ఆర్‌సీఐ, 1992 చట్టం కింద. ఎంఏ సైకాలజీతో, ఐబీఏతో క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవడం కుదరదు. అందుకే వీలుంటే ఆర్‌సీఐ గుర్తింపు ఉన్న స్పెషల్ ఎడ్యుకేషన్ డీఎడ్ కానీ బీఎడ్ కానీ చేయమంటాను. స్కూలు ఉద్యోగాల్లో, ప్రభుత్వ పథకాల్లో అడిగేది ఆ సీఆర్‌ఆర్ నంబరే, అంటే ఆర్‌సీఐ రిజిస్టర్‌లోని నంబరు. ఈ రంగంలో మనకు దగ్గరి జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన సంస్థ. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం జాబితాలో బిహేవియరల్ అనలిస్ట్ పేరు కూడా ఉంది, దాని కింద రిజిస్ట్రేషన్ ఎలా సాగుతుందో ఓ కన్నేసి ఉంచండి.

హైదరాబాద్ విషయానికొస్తే, అక్కడ సెంటర్లు ఎక్కువ, సూపర్‌వైజర్లు ఎక్కువ, నిజమే. అద్దె, హాస్టలు, ప్రయాణం పోను మిగిలేదేంటో మీరే లెక్కేసుకోండి. నా సలహా: ఇక్కడే ఉండి, మంచి సూపర్‌వైజర్‌ని ఆన్‌లైన్‌లో పెట్టుకుని, అప్పుడప్పుడు కాజీపేటలో రైలెక్కి వెళ్లి అక్కడ ఒక మంచి సెంటర్‌లో కొన్ని రోజులు చూసి రండి. ఇక్కడ ఒక లాభం ఉంది. పిల్లల ఇళ్లకు వెళ్లడం సులువు. హన్మకొండలో ఇంటికి వెళ్తే పిల్లాడు ఎక్కడ తింటాడు, నానమ్మ ఏం చేస్తుంది, టీవీ ఎప్పుడు పెడతారు, అన్నీ కళ్లారా చూడొచ్చు. అసెస్‌మెంట్ అంటే సగం అదే. దసరా, బతుకమ్మ సెలవుల్లో సెషన్లు పడిపోతాయి, ఆ నెలకు పేరెంట్ ట్రైనింగ్ గంటలు ముందే అనుకుని పెట్టుకోండి.

ఇక అమెరికా. అక్కడ అడిగేది బీసీబీఏ, చాలా రాష్ట్రాల్లో దాని పైన రాష్ట్ర లైసెన్సు కూడా. ఇక్కడి ఐబీఏ గంటలు బీసీబీఏ గంటలుగా మారవు. బీఏసీబీ షరతులకు సరిపోయే సూపర్‌వైజర్ దగ్గర, వాళ్ల పద్ధతిలో చేసినవే వాళ్లు చూస్తారు. కాబట్టి "ఇక్కడే పూర్తి చేసుకుని వెళ్తే అక్కడ ఉద్యోగం రెడీ" అన్న మాటను నమ్మి డబ్బు కట్టకండి. అక్కడ ఉంటూ ఆర్‌బీటీ తొందరగానే వస్తుంది: 40 గంటల ట్రైనింగ్, పని చేసి చూపించడం, 85 ప్రశ్నల పరీక్ష. మీ 7 నెలల అనుభవం అక్కడ నిజంగా ఉపయోగపడుతుంది. అయితే డిపెండెంట్ వీసా మీద వెళ్తే పని అనుమతి వచ్చేదాకా ఉద్యోగం చేయలేరు, ఆ సంగతి సంబంధం మాట్లాడేటప్పుడే తెలుసుకోండి. బయల్దేరే ముందు తుది ఫారం, కాంట్రాక్టు కాపీ, కోర్సు మార్కుల పత్రం అన్నీ స్కాన్ చేసి మీ మెయిల్‌లో పెట్టుకోండి. అక్కడికెళ్లాక హన్మకొండ సెంటర్ వాళ్లు ఫోనెత్తుతారని ఆశ పెట్టుకోవద్దు.

రేపు ఓనర్‌ని మూడే అడగండి: సూపర్‌వైజర్ పేరు, బోర్డు నంబరు, కాంట్రాక్టు ముసాయిదా. వచ్చాక, పేర్లు తీసేసి ఆ ముసాయిదా ఇక్కడ పెట్టండి, ఎక్కడ ఏం మార్పించుకోవాలో చెప్తాను.